రబ్బరు ముక్క

సోమవారం తనిఖీ.
మాలకొండయ్య సారు రెండు రబ్బరు ముక్కలు చేతిలో పెట్టి
"పెన్సిలు రాతలన్నీ చెరిపెయ్ చెన్నమ్మా,
పెన్నుతో గీకినవి పక్కన పెట్టు, రద్దు లిస్టుకి" అన్నాడు.

కందుకూరు గ్రంథాలయం, వెనక గది,
పాఠ్యపుస్తకాల ఇనప బీరువా.
పాత వాటికి మూడేసి స్టాంపులు:
నెల్లూరు జిల్లా, ప్రకాశం జిల్లా, మళ్లీ నెల్లూరు.
కాలు కదపని బీరువా రెండు మాట్లు జిల్లా మారింది.

ముందు అర్థశాస్త్రం.
గిరాకీ పెరిగితే ధర పెరుగును, అన్నచోట
ఎవరో సన్నగా రాశారు:
"అయ్యా, ఒక్కసారి పొగాకు వేలానికి రండి.
బేలు పక్కన నిలబడి ఈ ముక్క చదవండి."
దాని కింద ఇంకొకరి అక్షరం:
"నోబిడ్ కొట్టక ముందా, కొట్టినాకనా?"
రెండూ పెన్సిలే. రెండూ చెరిపాను.

రొయ్యల పెంపకం. మందపాటి అట్ట, రంగు బొమ్మలు.
డెబ్బయ్యో పేజీలో చాకిచర్ల ఆయన ఒకడు:
"పుస్తకం బాగుంది. ఇందులో కరెంటు పోదు."
గట్టిగా ఒత్తి రాసినట్టున్నాడు,
ఎంత రుద్దినా గాడి పోలేదు.
వేలితో తడిమితే ఇప్పటికీ చదవొచ్చు.

భూమి చట్టాల పుస్తకంలో ఏడుపు ఎక్కువ,
అడంగల్లో పేరు తప్పుపడినవాళ్లే అందరూ.
ఒక పెద్దమనిషి చివరి అట్ట మీద
"అంతా చదివాను. నా రెండెకరాలు కనపడలేదు" అని
సంతకం కూడా పెట్టాడు, ఎర్ర సిరాతో.
పక్కన పెట్టాను.

వ్యాకరణం దగ్గర చెయ్యి ఆగింది.
"ఇక్కడ యడాగమం ఎందుకు రాలేదు?"
పెన్సిలు. తేదీ ఎనభై ఏడు.
"సంధి జరిగింది గనక, అన్నా.
కొంచెం ఆలస్యంగా చెప్తున్నా."
పెన్ను. తేదీ రెండువేల పన్నెండు.
పాతికేళ్లు కూర్చున్న ప్రశ్నను చెరిపేసి
జవాబు ఒక్కదాన్నే ఎట్టా వదిలేది?
ఆ పేజీ ఊరికే మూసేశాను.

టీ వచ్చింది. చల్లారింది.

అడుగున భూగర్భశాస్త్రం.
చెదలు మొదటి అధ్యాయం తిని, విసుగొచ్చి మానేసినట్టుంది.
పలకరాయి: పొరలు, రంగు, కాఠిన్యం,
దొరికే చోట్లలో మార్కాపురం.
మా ఊరు. అచ్చులో.
పక్కన, వంకర గీతల పెన్సిలు:
"కాలేజీ వాళ్లం గనికి పోయి చూసినాం.
రాయి గురించి మూడు పేజీలుంది.
దుమ్ము గురించి ఒక్క లైను లేదు."

మా నాయన పలకలు కోసేవాడు.
రాత్రి ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి,
దగ్గుతుంటే అమ్మ దీపం చిన్నది చేసేది, ఎందుకో.
ఎవరెవరి పిల్లలకో చెక్క చట్రం పలకలు లారీల్లో పోతుంటే
నాకు విరిగిన చెక్క తెచ్చిచ్చేవాడు,
అంచులు గరుకు రాయికి నూరి, చెయ్యి కోసుకోకుండా.
దాని మీదే అ ఆలు.
రాయడం, ఉమ్మి పెట్టి తుడవడం, మళ్లీ రాయడం.
తుడవడానికే పుట్టిన రాయి అది.
పుస్తకం అట్లా కాదనుకున్నా.

ఇప్పుడు లెక్క వేసుకుంటున్నా:
ఇట్లాగే వదిలేస్తే సారుకి మాట వస్తుంది.
పెన్నుతో దిద్దితే పుస్తకం రద్దవుతుంది,
కిలోల లెక్కన పోతుంది.
చెరిపితే, ఆ పిల్లవాడెవరో
గనికి పోలేదు, చూడలేదు,
మా నాయన దగ్గలేదు.

రబ్బరు పొడి ఒళ్లో పడింది.
దులిపితే తెల్లగా లేచింది.

సాయంత్రం రిజిస్టరు తెరిచాను.
పంతొమ్మిదేళ్లుగా అందరి పేర్లూ ఎక్కించే గడిలో
నా పేరు రాశాను, పెన్నుతోనే.
పుస్తకం పేరు. నంబరు. తేదీ.
మాలకొండయ్య సారు కళ్లద్దాల పైనించి చూసి
"నీకెందుకమ్మా ఇది?" అన్నాడు.
"చదవడానికే సార్" అన్నాను.

పదిహేను రోజులు గడువు.
దాటితే రోజుకి పది పైసలు.
కట్టుకోగలను.